ఈవ్ ఆన్‌లైన్‌లో దారిదోపిడీ: పోలీసుల కళ్లెదుటే ఎలా సాగుతోంది?

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలోకి కొత్తగా వచ్చినవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. సురక్షిత ప్రాంతమని ఆటే చెప్పిన చోట, పోలీసు వ్యవస్థ పనిచేస్తున్న చోట, నలుగురైదుగురు కూడి వచ్చి ఒక సరుకు నౌకను తునాతునకలు చేసి, అందులోని సొత్తు పట్టుకుపోతే ఆటను నడిపే సంస్థ ఎందుకు ఊరుకుంటోంది? ఫిర్యాదు చేసినవారికి 'అంతా నిబంధనలకు లోబడే జరిగింది' అన్న జవాబు ఎందుకు వస్తోంది? అక్కడ చట్టమే లేదేమో, లేదా ఉన్న చట్టం దొంగల పక్షాన ఉందేమో అనిపించడం సహజం. నిజానికి అక్కడ చట్టం ఉంది. అది ఎవరి దయాదాక్షిణ్యాలతోనూ పనిలేకుండా, సెకన్ల లెక్కన, ఎవరినీ వదలకుండా అమలవుతుంది. ఆ కచ్చితత్వమే దోపిడీని ముందుగా లెక్కగట్టదగిన వ్యాపారంగా మార్చింది. ఈ ఒక్క విషయం బోధపడితే ముఠాలు ఎందుకు ఏర్పడతాయో, నౌకాయుద్ధంలో గెలుపోటములు ఎక్కడ తేలతాయో, ఇన్నేళ్లుగా వాదన ఎందుకు తెగడం లేదో అర్థమవుతుంది.

ఒకే విశ్వం, మూడు రకాల భద్రత

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్ కేంద్రంగా పనిచేసే సీసీపీ సంస్థ ఈ ఆటను 2003 మే నెలలో విడుదల చేసింది. చైనాలో వేరుగా నడిచే సర్వర్‌ను మినహాయిస్తే, ప్రపంచం నలుమూలలవారూ ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్‌లో, 7,800కు పైగా నక్షత్ర వ్యవస్థలున్న ఒకే విశ్వంలో ఆడతారు. ఒకరు పోగొట్టుకున్న నౌక అందరికీ పోయినట్టే. పాత సేవ్ నుంచి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. నౌకల్లో అత్యధిక భాగాన్ని ఆటగాళ్లే గ్రహశకలాలు తవ్వి, ఖనిజాలు శుద్ధిచేసి, కర్మాగారాల్లో తయారుచేసి, సంతలో అమ్ముతారు. చెలామణీలో ఉన్న ద్రవ్యం పేరు ఇస్క్. ఐస్‌లాండ్ క్రోనాకు అంతర్జాతీయ మారకంలో వాడే మూడక్షరాల సంకేతం కూడా అదే. తయారీదారులు నవ్వుకోవడానికి పెట్టుకున్నట్టుంది.

ప్రతి నక్షత్ర వ్యవస్థకూ భద్రతా సూచిక ఉంటుంది. 0.5 నుంచి 1.0 వరకు ఉన్నవాటిని హై-సెక్ అంటారు. ఇక్కడ కాంకార్డ్ అనే పోలీసు బలగం ఉంటుంది. 0.1 నుంచి 0.4 వరకు ఉన్నది లో-సెక్. ఇక్కడ కాంకార్డ్ రాదు గానీ ఒక వ్యవస్థ నుంచి మరోదానికి దాటించే నక్షత్ర ద్వారాల దగ్గర, స్టేషన్ల దగ్గర కాపలా తుపాకులు ఉంటాయి. 0.0, అంతకు తక్కువ ఉన్నది నల్-సెక్. అక్కడ ఆటగాళ్ల కూటములదే రాజ్యం, బలమున్నవాడిదే మాట. వీటికి తోడు 2009లో వచ్చిన వర్మ్‌హోల్ ప్రాంతాలున్నాయి. అక్కడ ద్వారాలూ లేవు, పోలీసులూ లేరు.

దోపిడీ ఈ అన్ని ప్రాంతాల్లోనూ జరుగుతుంది. చట్టం మారేకొద్దీ పద్ధతి మారుతుంది, అంతే.

శిక్ష తప్పదు, రక్షణ దొరకదు

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది కాంకార్డ్ స్వభావం. అది నేరాన్ని ఆపడానికి పుట్టిన వ్యవస్థ కాదు, నేరం జరిగాక దండించడానికి పుట్టింది. హై-సెక్‌లో ఎవరైనా అకారణంగా మరొకరి నౌకపై కాల్పులు జరిపితే, కొద్ది సెకన్లలో కాంకార్డ్ నౌకలు ప్రత్యక్షమై దాడిచేసినవాడి నౌకను నాశనం చేస్తాయి. వాటిని ఓడించడం సాధ్యం కాదు. ఏదైనా కిటుకుతో తప్పించుకుంటే అది ఆటలోని లోపాన్ని దుర్వినియోగం చేయడం కిందికి వస్తుంది, ఖాతాపైనే చర్య తీసుకుంటారు. దోచుకోవడానికి అనుమతి ఉంది గానీ, దోపిడీకి పడే శిక్షను ఎగ్గొట్టడానికి అనుమతి లేదు. ఈ ఆటలోని న్యాయశాస్త్రమంతా దాదాపు ఈ రెండు ముక్కల్లో ఉంది.

ఆ 'కొద్ది సెకన్లు' ఎన్ని అన్నది భద్రతా సూచికను బట్టి మారుతుంది. 1.0 వ్యవస్థలో సుమారు 6 సెకన్లు. సూచిక తగ్గేకొద్దీ జాప్యం పెరిగి, 0.5 వ్యవస్థలో సుమారు 19 సెకన్లకు చేరుతుంది. ఆ వ్యవస్థలో కాంకార్డ్ బలగం అప్పటికే ఎక్కడో ఒకచోట నిలిచి ఉంటే ఈ లెక్క మళ్లీ మారుతుంది. అందుకే ముఠాలు అసలు దాడికి ముందు, ఎందుకూ పనికిరాని చిన్న నౌకతో వేరొకచోట నేరం చేయించి, బలగాన్ని అటువైపు లాగుతాయి.

నేరానికి ఇంకా మరకలున్నాయి. 2012 డిసెంబరులో వచ్చిన రెట్రిబ్యూషన్ విస్తరణతో వీటిని ఒక క్రమంలో పెట్టారు. హై-సెక్‌లో అక్రమ దాడి చేసినవాడికి 15 నిమిషాల పాటు 'క్రిమినల్' ముద్ర ఉంటుంది. ఆ సమయంలో హై-సెక్‌లో ఏ నౌక ఎక్కి బయటకొచ్చినా కాంకార్డ్ దాన్నీ కూల్చేస్తుంది. శిథిలంలోంచి ఇతరుల సొత్తు తీసుకున్నవాడికి 'సస్పెక్ట్' ముద్ర పడుతుంది. పోలీసులు పట్టించుకోరు గానీ తోటి ఆటగాళ్లు ఎవరైనా అతన్ని కాల్చవచ్చు. లో-సెక్‌లో మరొకరి నౌకను కొడితే పడేది సస్పెక్ట్ ముద్రే. నౌక పగిలాక బయటపడే పైలట్ గుళికను, అంటే పాడ్‌ను కొడితే మాత్రం క్రిమినల్ అవుతారు. హై-సెక్‌లో నష్టపోయినవాడికి ఆ దుండగుణ్ని 30 రోజుల్లోగా చట్టబద్ధంగా వేటాడే 'కిల్ రైట్' కూడా దక్కుతుంది. ఇవి కాక ప్రతి పైలట్‌కూ నడవడిక సూచిక ఒకటుంటుంది. అది మైనస్ 5కు దిగజారితే ఆ పైలట్ బహిష్కృతుడి కిందే లెక్క. ఎక్కడ కనబడినా ఎవరైనా కాల్చవచ్చు, హై-సెక్‌లో ప్రభుత్వ సైన్యాలు వెంటపడతాయి. 2013 నుంచి ప్రత్యేక ట్యాగులు కొని, రుసుము కట్టి ఈ సూచికను బాగుచేసుకునే వీలు కల్పించారు. చేసిన పాపం డబ్బుతో కడుక్కోవచ్చన్నమాట.

పొరపాటున ఎవరూ నేరస్తులు కాకుండా ప్రతి పైలట్ తెరమీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో భద్రతా మీట ఉంటుంది. ఎరుపులోకి మార్చుకుంటేనే హై-సెక్‌లో అక్రమ దాడి సాధ్యం. కాబట్టి ఇక్కడ జరిగే ప్రతి దోపిడీ తెలిసి చేసినదే.

19 సెకన్లలో తేలే లాభనష్టాలు

ప్రతి దాడిలోనూ దాడిచేసిన నౌకలు పోవడం ఖాయం కాబట్టి దీన్ని 'సూసైడ్ గ్యాంక్', అంటే ఆత్మాహుతి దాడి అంటారు. పోతుందని ముందే తెలిసిన పెట్టుబడితో లాభం ఎలా వస్తుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. ఇందులోని ధరలు, బలాలు వివరణ కోసం తీసుకున్న గుండ్రని అంకెలు.

ఒక సరుకు నౌక కవచాలన్నీ కలిపి 35,000 పాయింట్ల దెబ్బను తట్టుకోగలదనుకుందాం. ముఠావారు వాడేది చౌకలో ఎక్కువ మందుగుండు కురిపించే క్యాటలిస్ట్ తరగతి డిస్ట్రాయర్లు. ఒక్కొక్కటి సెకనుకు 500 పాయింట్ల నష్టం కలిగిస్తుందనీ, ఒక్కో నౌక ఖరీదు 1.5 కోట్ల ఇస్క్ అనీ అనుకుందాం. 0.5 వ్యవస్థలో పోలీసులు వచ్చేలోగా ఇంచుమించు 20 సెకన్లు దొరికితే ఒక్కో నౌక 10,000 పాయింట్ల దెబ్బ కొట్టగలదు. మూడు నౌకలు చాలవు, నాలుగైతే సరిపోతాయి. ఖర్చు 6 కోట్లు. అదే సరుకు నౌక 0.8 వ్యవస్థలో దొరికితే ముఠాకు చిక్కే సమయం 7 సెకన్లే. ఒక్కో నౌక కొట్టగలిగేది 3,500 పాయింట్లు. పది నౌకలు సరిగ్గా సరిపోతాయి. ఒకడు అర సెకను ఆలస్యం చేసినా పని చెడుతుంది కాబట్టి పదకొండు తెస్తారు. ఖర్చు 16.5 కోట్లు.

నౌక పగిలినప్పుడు అందులోని సరుకంతా మిగలదు. ఒక్కో సరుకు దొంతర మిగులుతుందా, నాశనమవుతుందా అన్నది దాదాపు బొమ్మాబొరుసే. అంటే సగటున సగం విలువే చేతికొస్తుంది. కాబట్టి మొదటి సందర్భంలో 12 కోట్లకు మించిన సరుకు ఉంటేనే ముఠాకు గిట్టుబాటు. రెండో సందర్భంలో 33 కోట్లు దాటాలి. దారిన పోయే నౌకల సరుకును స్కానర్‌తో తొంగిచూసే వేగులు ఈ గీతను మనసులో పెట్టుకునే కూర్చుంటారు. ఖాళీ నౌకల్ని వదిలేసి నిండు నౌకల మీద పడటం వెనక ఉన్న కారణం ఈ లెక్కే. పగ తీర్చుకోవడానికో, ఉబుసుపోకకో చేసే దాడులు లేకపోలేదు. అవి ఈ లెక్కకు అందవు.

వాణిజ్య మార్గాలు కలిసే 0.5 వ్యవస్థలు అపఖ్యాతి మూటగట్టుకున్నది కూడా ఇందుకే. ఆటలోకెల్లా పెద్ద సంత అయిన జీటాకు దారితీసే బాటల్లో ఉయెడామా అలాంటిది. ఒకప్పుడు జీటా, అమార్ సంతల మధ్య దగ్గరి దారిలో ఉన్న నియార్జా కూడా అంతే. 2020లో ఆట కథలో భాగంగా వచ్చిన దండయాత్రలో అది చేజారడంతో ఆ రెండు సంతల మధ్య సురక్షిత మార్గం అనేక రెట్లు పొడవైంది. దొంగల అడ్డా ఒకటి పోయింది, వ్యాపారుల దగ్గరి దారీ పోయింది.

లెక్కలోని అంకెలు మారినప్పుడల్లా దోపిడీ రూపం మారుతూ వచ్చింది. కాంకార్డ్ కూల్చిన నౌకలకు కూడా ఒకప్పుడు బీమా సొమ్ము వచ్చేది. పోయిన పెట్టుబడిలో కొంత భాగం ఆ విధంగా తిరిగి చేరేది. 2011 నవంబరులో సీసీపీ ఆ వెసులుబాటును తీసేసింది. దోపిడీ ఆగలేదు, గిట్టుబాటు గీత మాత్రం పైకి జరిగింది.

ముఠాలో ఎవరి పని ఏమిటి

ఒక్కడు ఎంత గొప్ప పైలట్ అయినా దారికాచి దోచుకోవడం కష్టం, ఎందుకంటే పనులు ఒకదానితో ఒకటి పొసగవు. పారిపోయేవాణ్ని పట్టేది తేలికైన, చురుకైన నౌక. దెబ్బలు కాసేది బరువైన నౌక. దూరం నుంచి చూసేది ఎవరి కంటా పడని నౌక. ఇవన్నీ ఒకే నౌకలో ఇమడవు.

లో-సెక్‌లో ఒక ద్వారం దగ్గర మాటువేసిన ముఠాను తీసుకుందాం. ద్వారానికి అవతలి వైపు వ్యవస్థలో వేగు ఒకడు ఉంటాడు. అతని నడవడిక సూచిక మచ్చలేనిది. చూసేవారికి అతనూ ఒక బాటసారే. సరుకు నౌక ద్వారం దాటబోతుండగా అతను వాయిస్ ఛానల్లో నౌక రకం చెబుతాడు. ఇవతలికి దూకిన నౌక ద్వారానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో తేలుతుంది. గరిష్ఠంగా 60 సెకన్ల పాటు, లేదా అది కదిలేదాకా, ఎవరికీ కనబడదు. కదలకుండా ఎంతసేపు ఆలోచించినా చివరికి కదలక తప్పదు. వార్ప్ చేసి, అంటే ఒక్క ఊపున అతివేగంగా దూరానికి దూసుకుపోయి, తప్పించుకోవాలంటే ముక్కు గమ్యంవైపు తిప్పి, గరిష్ఠ వేగంలో నాలుగింట మూడొంతులు అందుకోవాలి. చిన్న ఫ్రిగేట్‌కు ఇది రెండు మూడు సెకన్ల పని. నిండు సరుకు నౌకకు పది సెకన్లకు పైమాటే.

ఆ వ్యవధిలో 'ట్యాకిల్' నౌక గురిపెట్టి వార్ప్ ఇంజిన్‌ను స్తంభింపజేయాలి. ఇందుకు రెండు సాధనాలున్నాయి. రెండో శ్రేణి డిస్రప్టర్ 24 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. రెండో శ్రేణి స్క్రాంబ్లర్ 9 కిలోమీటర్లే అందుకుంటుంది గానీ దాని పట్టు రెట్టింపు; అది నౌక వేగాన్ని పెంచే మైక్రోవార్ప్ డ్రైవ్‌ను కూడా ఆపేస్తుంది కాబట్టి చిక్కినవాడు పరుగెత్తనూ లేడు. వేగాన్ని తగ్గించే 'వెబ్' మూడోది. తొలి కాల్పు జరపగానే ద్వారపు తుపాకులు ముఠామీదికి తిరుగుతాయి. అందుకే లో-సెక్ ద్వారాల దగ్గర సుకుమారమైన ఫ్రిగేట్లకు బదులు ఆ దెబ్బలు కాయగల బరువైన నౌకలే ముందు నిలిచి పట్టుకుంటాయి. వెనక మరమ్మతు నౌకలు వాటి కవచాన్ని నింపుతుంటాయి.

ఇక్కడ చిక్కినవాడికీ ఒక దారి మిగిలి ఉంది. ఆయుధం ప్రయోగించిన నౌక 60 సెకన్ల దాకా ద్వారం దాటలేదు, స్టేషన్‌లోకి పోలేదు. ఎదురుకాల్పులు జరపని బాధితుడు వెనక్కి తిరిగి ద్వారాన్ని చేరుకోగలిగితే అవతలికి దూకేయవచ్చు. వెంబడించిన ముఠాలో కాల్చినవాళ్లెవరూ వెంటనే రాలేరు. కాబట్టి ముఠా అవతలి వైపు కూడా ఒకరిద్దరిని ఉంచుతుంది. ఇంటర్నెట్ తీసేసి మాయమవుదామంటే కుదరదు. పోరాటంలో ఉన్న నౌక పైలట్ లేకపోయినా 15 నిమిషాల దాకా అంతరిక్షంలోనే ఉండిపోతుంది.

నల్-సెక్‌లో ద్వారపు తుపాకులు లేవు, పైగా అక్కడ ఇంకో ఆయుధం వస్తుంది. ఇంటర్‌డిక్టర్ అనే నౌక తన చుట్టూ 20 కిలోమీటర్ల వ్యాసార్ధంతో, రెండు నిమిషాల పాటు నిలిచే 'బబుల్' వదులుతుంది. దాని లోపలున్న మామూలు నౌకలేవీ, వాటి మీద ప్రత్యేకంగా గురిపెట్టనవసరం లేకుండానే, వార్ప్ చేయలేవు. సర్వర్ ప్రతి చర్యనూ సెకనుకు ఒకసారి లెక్కిస్తుంది. కాబట్టి రెండు సెకన్లలోపు వార్ప్ చేయగల నౌకను గురిపెట్టి పట్టడం దాదాపు అసాధ్యం. అలాంటి నౌకల్లో చాలావాటికి కూడా బబుల్ అడ్డే.

హై-సెక్‌లో ఫ్రైటర్లు అనే భారీ సరుకు నౌకలను పట్టడానికి వాడిన 'బంపింగ్' అన్నిటికన్నా వివాదాస్పదమైంది. బరువైన నౌకను వేగంగా వచ్చి ఢీకొడితే నష్టం జరగదు గానీ దాని ముక్కు పక్కకు తిరుగుతుంది, వార్ప్ ఆగిపోతుంది. ఢీకొట్టడం దాడి కిందికి రాదు కాబట్టి కాంకార్డ్ కదలదు. గంటల తరబడి ఒక ఫ్రైటర్‌ను ఇలా తిప్పిన సందర్భాలపై ఫిర్యాదులు వెల్లువెత్తాక, వార్ప్‌కు ప్రయత్నించిన నౌకను ఎవరూ స్క్రాంబుల్ చేయకపోతే మూడు నిమిషాల తర్వాత అది ఎలాగైనా వెళ్లిపోయేలా మార్చారు. దొంగలు వాడే వెబ్‌నే ఫ్రైటర్ యజమానులు ఎదురు కిటుకుగా వాడతారన్నది ఆసక్తికరం. సొంత కార్పొరేషన్ (ఆటగాళ్ల సంఘం) మిత్రుడు ఫ్రైటర్‌కు వెబ్ వేస్తే దాని గరిష్ఠ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటికి ఉన్న నత్తనడక వేగమే కొత్త గరిష్ఠంలో నాలుగింట మూడొంతులు దాటి, నౌక ఠక్కున వార్ప్‌లోకి దూకుతుంది.

గురి, మరమ్మతు: యుద్ధం ఎక్కడ తేలుతుంది

ఇద్దరు సమానులు తలపడినప్పుడు పెద్ద ఫిరంగులున్నవాడే గెలుస్తాడనుకుంటే పొరపాటు. టరెట్ ఆయుధానికి, అంటే అటూ ఇటూ తిరిగే ఫిరంగికి, గురి కుదరడం ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది: లక్ష్యం ఎంత దూరంలో ఉంది, కోణీయంగా ఎంత వేగంగా కదులుతోంది. దూరం విషయంలో ప్రతి ఆయుధానికీ ఒక అనుకూల పరిధి, దానికి అవతల ఒక తరుగుదల పరిధి ఉంటాయి. అనుకూల పరిధి దాటి సరిగ్గా ఒక తరుగుదల దూరంలో ఉన్న లక్ష్యం నిశ్చలంగా ఉన్నా గుండు తగిలే అవకాశం 50 శాతం. రెండింతల తరుగుదల దూరంలో అది సుమారు 6 శాతానికి జారిపోతుంది.

కోణీయ వేగం ఇంకా తమాషాగా ఉంటుంది. రోడ్డు పక్కన నిలబడితే మన ముందు నుంచి పోయే బస్సును చూడటానికి తల గిర్రున తిప్పాలి, అంతే వేగంతో దూరాన గుట్ట పక్కగా పోయే బస్సును తల కదపకుండానే చూడొచ్చు. ఒక ఫ్రిగేట్ సెకనుకు 300 మీటర్ల వేగంతో 1,000 మీటర్ల దూరంలో చుట్టూ తిరుగుతుంటే దాని కోణీయ వేగం సెకనుకు 0.3 రేడియన్లు, 20,000 మీటర్ల దూరంలో తిరుగుతుంటే 0.015 మాత్రమే, అంటే ఇరవయ్యో వంతు. బ్యాటిల్‌షిప్ అనే భారీ యుద్ధనౌక ఫిరంగి రెండోదాన్ని సునాయాసంగా కొడుతుంది, మొదటిదాని వెంట తిరగలేదు. ఆపైన లక్ష్యం ఎంత చిన్నదైతే గురి అంత కష్టం. కోట్ల ఖరీదైన నౌక తన అడుగున తిరిగే చవక ఫ్రిగేట్‌ను ఏమీ చేయలేక, దాని మిత్రులు వచ్చేదాకా అక్కడే బందీగా ఉండిపోవడం ఈ ఆటలో రోజూ కనిపించే దృశ్యం.

బృందాలు తలపడినప్పుడు లెక్క మరో మలుపు తిరుగుతుంది. మళ్లీ గుండ్రని అంకెలతో చూద్దాం. పది నౌకలు, ఒక్కొక్కటి సెకనుకు 400 చొప్పున, ఒకే లక్ష్యంపై 4,000 పాయింట్ల నష్టం కురిపిస్తున్నాయి. లక్ష్యపు కవచానికి 75 శాతం నిరోధం ఉంటే లోపలికి దిగేది 1,000. అవతలి బృందంలో మూడు మరమ్మతు నౌకలు, ఒక్కొక్కటి సెకనుకు 250 చొప్పున 750 నింపుతున్నాయి. నికర నష్టం 250. కవచం 10,000 అయితే 40 సెకన్లలో నౌక పోతుంది. దాడిచేసేవారికి మరో రెండు నౌకలు తోడైతే లోపలికి దిగేది 1,200, నికరం 450, నౌక ఆయుష్షు 22 సెకన్లకు పడిపోతుంది. అదే కాపాడేవారి వైపు నాలుగో మరమ్మతు నౌక చేరితే? పది నౌకలు కొట్టే 1,000కి నింపే 1,000 సరిపోయి, అది రోజంతా కాల్చినా పోదు.

అయిదో వంతు బలం పెరిగితే సమయం సగానికి తగ్గడం, ఒక్క నౌక చేరికతో ఓటమి అసాధ్యంగా మారడం ఇక్కడి విశేషం. ఈ గీతకు అటో ఇటో పడటానికే ఫ్లీట్ కమాండర్ ఒక్క గొంతుతో 'మొదటి లక్ష్యం ఫలానా' అని పిలుస్తాడు. పదిమంది పది లక్ష్యాలను కొడితే ఏదీ పోదు. మరమ్మతు నౌకల పైలట్లు ఎవరి కవచం కరుగుతోందో కనిపెట్టి ముందే గురిపెట్టి ఉండాలి; అందుకే శత్రువు తొలుత వాటినే జామర్లతో గుడ్డివాటిని చేయాలని చూస్తాడు. అనుభవజ్ఞులైన ముఠానాయకులు గెలవలేని లెక్క కనబడగానే ఒక్క గుండు పేల్చకుండా వెళ్లిపోతారు. బయటివారికి అది పిరికితనంలా కనిపిస్తుంది.

ఇదే లెక్క వేలమందికి పెరిగితే సర్వర్‌కే ఊపిరాడదు. అప్పుడు ఆటలోని కాలాన్ని మామూలు వేగంలో పదో వంతు దాకా నెమ్మదింపజేస్తారు. 2014 జనవరి 27, 28 తేదీల్లో బీ-ఆర్5ఆర్బీ అనే వ్యవస్థలో జరిగిన సమరం అలా 21 గంటలు సాగింది. ఆ ప్రాంతంపై హక్కుకు కట్టాల్సిన రుసుము గడువులోగా కట్టకపోవడంతో మొదలైన ఆ గొడవలో 75 టైటాన్ మహానౌకలు నేలమట్టమయ్యాయి. నష్టాన్ని నిజమైన డబ్బులోకి మార్చి 3 లక్షల డాలర్లకు పైగా అంచనా కట్టారు. అది రాజ్యాల మధ్య యుద్ధం, దోపిడీ ఖాతాలోకి రాదు. అయినా 'మొదటి లక్ష్యం' పిలిచే పద్ధతి అక్కడా అదే, అయిదుగురి ముఠాలోనూ అదే.

చూసినవాడిదే పైచేయి

లో-సెక్, నల్-సెక్, హై-సెక్‌లలో ఒక వ్యవస్థలోకి ఎవరు వచ్చినా 'లోకల్' అనే ఛానల్ జాబితాలో వారి పేరు వెంటనే కనబడుతుంది. తవ్వకాలు చేసుకునేవారికి ఇదే కావలి కుక్క. వర్మ్‌హోల్ ప్రాంతాల్లో నోరు విప్పితే తప్ప పేరు కనబడదు. అందుకే అక్కడ వేటగాళ్లకు మంచి కాలం.

2019 జూలైలో సీసీపీ నల్-సెక్‌లోనూ ఈ జాబితాను తీసేసి చూసింది. వేటగాళ్లు పండగ చేసుకున్నారు. కానీ తవ్వకందారులు, వ్యాపారులు బయటకు రావడం తగ్గించేశారు, ఆటలో జనమే పలచబడ్డారు. సెప్టెంబరులో జాబితాను తిరిగి తెచ్చారు. ఎర లేనిదే వేట లేదన్న సంగతి వేటగాళ్లకూ అప్పుడే అనుభవమైంది.

సమయం కూడా సమాచారంలో భాగమే. ఆటలో గడియారం యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం నడుస్తుంది; రోజూ 11:00 గంటలకు, అంటే మన సాయంత్రం 4:30కి, సర్వర్‌ను కాసేపు ఆపి తిరిగి తెరుస్తారు. ఐరోపావారి రాత్రి రద్దీ మనకు అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో రాత్రి భోజనం వేళ ఆడేవారికి ఐరోపావారు ఇంకా ఆఫీసుల్లో ఉండే సమయం దొరుకుతుంది.

పట్టుకున్నాక కాల్చకుండా వదలడానికి డబ్బు అడిగే సంప్రదాయం కూడా ఉంది. డబ్బు తీసుకుని వదలకపోతే శిక్షించే యంత్రాంగం ఆటలో లేదు. మాట నిలబెట్టుకునే ముఠా అన్న పేరు మాత్రం ఉంటుంది. ఆ పేరు పోతే తర్వాతి బాధితుడు కట్టడు. హై-సెక్‌లో తవ్వకందారులకు ఏడాదికి కోటి ఇస్క్ చొప్పున 'పర్మిట్లు' అమ్మి, కొననివారి నౌకల్ని పేల్చిన కోడ్ అనే కూటమి ఈ వసూళ్లను ఏకంగా పాలనా వ్యవస్థలా నడిపింది.

నిజమైన డబ్బు, నిజమైన దొంగతనం

ఆటలో ప్లెక్స్ అనే వస్తువును నిజమైన డబ్బుతో కొని సంతలో ఇస్క్‌కు అమ్ముకోవచ్చు, లేదా ఆటకు చందాగా వాడుకోవచ్చు. 2010లో ఒక పైలట్ 74 ప్లెక్స్‌లను కెస్ట్రెల్ అనే చిన్న ఫ్రిగేట్‌లో వేసుకుని జీటాలో దొరికిపోయాడు. అప్పట్లో ఒక ప్లెక్స్ అంటే 30 రోజుల ఆట. అంటే ఆరేళ్లకు సరిపడా చందా, 1,200 డాలర్లకు పైగా విలువ. నౌక పగిలింది, ప్లెక్స్‌లన్నీ దానితోపాటే బూడిదయ్యాయి. కొట్టినవారికీ ఒక్కటి దక్కలేదు. 2017లో ప్లెక్స్‌ను చిన్న ముక్కలుగా మార్చి, నౌకలో మోసే అవసరం లేకుండా భద్రమైన ఖజానాలో దాచుకునే ఏర్పాటు చేశారు.

ఇది దొంగతనమా అన్న ప్రశ్నకు నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఇచ్చిన తీర్పు దారి చూపుతుంది. 2007లో ఇద్దరు కుర్రాళ్లు తోటి బాలుణ్ని కొట్టి, బెదిరించి, రూన్‌స్కేప్ అనే ఆటలో అతని దగ్గరున్న తాయెత్తునూ మాస్కునూ తమ ఖాతాకు మార్పించుకున్నారు. వస్తువులు కంప్యూటర్‌లోని అంకెలే అయినా వాటిని దొంగిలించినట్టేనని కోర్టు తేల్చింది. అక్కడ బలప్రయోగం ఆట బయట జరిగింది; ఆ ఆట నియమాల్లో అలా లాక్కోవడానికి తావు లేదు. ఈవ్‌లో జరిగేది ఇందుకు విరుద్ధం: లాక్కోవడం ఆట నియమాల్లోనే ఉంది, చేరినప్పుడే అందరూ అందుకు ఒప్పుకున్నారు. అదే ఇస్క్‌ను నిజమైన డబ్బుకు బయట అమ్మినా, మనిషిని ఆట వెలుపల వేధించినా సీసీపీ ఖాతాను మూసేస్తుంది. గీత గీసింది ఆటకూ బయటి ప్రపంచానికీ మధ్యన.

ఎవరి వాదనలో ఎంత బలముంది

దోపిడీని సమర్థించేవారి ప్రధాన వాదన ఆర్థికమైనది. నౌకల్ని ఆటగాళ్లే తయారుచేస్తారు కాబట్టి పాతవి పోతేనే కొత్తవాటికి గిరాకీ. ఏదీ నాశనం కాని సంతలో తయారీదారుడి పనికి విలువ ఉండదు. ప్రమాదం ఉన్నందువల్లే సరుకు ఒకచోట చవకగా, మరోచోట ప్రియంగా ఉంటుంది, రవాణాదారుడికి కూలి గిట్టుతుంది. ఈ వాదనలో పస ఉంది. అయితే నాశనం కావాలన్న దానికీ, ఫలానావారే నాశనం కావాలన్న దానికీ తేడా ఉంది. నల్-సెక్ యుద్ధాల్లోనూ నౌకలు కుప్పలుగా పోతాయి.

వ్యతిరేకించేవారి అభ్యంతరం అసమానత మీద. చోటు, సమయం, సంఖ్య అన్నీ ఎంచుకునేది దాడిచేసేవాడే. పది గంటల కష్టాన్ని కొన్ని సెకన్లలో, చవక నౌకలతో పోగొట్టవచ్చు. కొత్తవారు ఈ దెబ్బకే ఆట మానేస్తారని వీరి భయం. దీనిపై సీసీపీ 2015లో రేక్యవిక్‌లో జరిగిన తన అభిమానుల సభ ఫ్యాన్‌ఫెస్ట్‌లో 80,000 మంది కొత్త ఆటగాళ్ల వివరాలు బయటపెట్టింది. తొలి రోజుల్లో ఇతరుల చేతిలో నౌక పోగొట్టుకున్నవారు, పోగొట్టుకోనివారికన్నా ఎక్కువకాలం ఆటలో కొనసాగారని అందులో తేలింది. ముఠాలవారు దీన్ని ప్రమాణపత్రంలా చూపుతారు. కానీ ఎక్కువ తిరిగేవాడు, ఎక్కువ సాహసించేవాడే ముందుగా దెబ్బతింటాడు. అలాంటివాడు ఎలాగూ ఎక్కువకాలం ఉండేవాడే. దెబ్బ తగిలినందువల్ల నిలిచాడా, నిలిచే రకం కాబట్టి దెబ్బ తగిలిందా అన్నది ఆ అంకెలు తేల్చలేవు. కొత్తవారంతా పారిపోతున్నారన్న వాదనను మాత్రం అవి గట్టిగానే దెబ్బతీశాయి.

ఆటగాళ్లు ఓట్లతో ఎన్నుకునే స్టెల్లార్ మేనేజ్‌మెంట్ మండలి 2008 నుంచీ ఉంది. ఇరుపక్షాలవారూ అందులో సభ్యులై సంస్థ ముందు వాదిస్తుంటారు. సీసీపీ ఇప్పటిదాకా చేసిన మార్పుల్లో చాలావరకు దోపిడీని నిషేధించే జోలికి పోకుండా దాని ఖర్చును సవరించినవే: బీమా తీసివేత, మూడు నిమిషాల హద్దు, తవ్వకపు నౌకల కవచాల పెంపు అన్నీ ఆ బాపతే. 2023 నవంబరులో వచ్చిన హావోక్ విస్తరణ మరో అడుగు ముందుకేసి గురిస్టాస్, ఏంజెల్ కార్టెల్ అనే కల్పిత దొంగల దళాల్లో ఆటగాళ్లు అధికారికంగా చేరే వీలు కల్పించింది. వారు ఒక వ్యవస్థలో అవినీతి స్థాయిని పెంచుకుంటూ పోతే అక్కడి చట్టం అమలు సడలుతుంది. దాన్ని అణచడానికి ఎదుటి పక్షానికీ అంతే అవకాశం ఇచ్చారు. అంతకుముందు పోలీసులు వచ్చే సెకన్లు దొంగలకూ బాధితులకూ ఆట ఇచ్చిన మార్పులేని అంకెలు. హావోక్‌తో చట్టం బిగువు కూడా ఇరుపక్షాలూ పోరాడి మార్చుకోగల వస్తువైంది.